‘ఆదిమానవుల గ్రామం’ టికెట్ కొనేముందు ఇది చదవండి

కోనసీమలో కాలువ గట్ల వెంట ‘ఆదిమానవుల గ్రామం, పురావస్తు మ్యూజియం’ అని ఫ్లెక్సీలు కట్టి టికెట్లు అమ్ముతున్నారు. పేరు రాయను, అటు వైపు వెళ్లేవాళ్లకు తెలుస్తుంది. పండక్కి వచ్చిన మా బావగారి పిల్లలతో కలిపి ఆరుగురం వెళ్లాం. మనిషికి 350, ముందే ఫోన్‌పే చెయ్యాలి. తీరా గేటు దగ్గర మ్యూజియానికి ఇంకో 100 అన్నారు.

లోపల నాలుగు తాటాకు గుడిసెలు. కొత్త రాతియుగం ఇళ్లట. ఒక గుంజకి సిమెంటు పెచ్చు ఊడి తీగ జాలీ బయటపడింది. గోడకి రాతి గొడ్డలి, దాని పక్కనే ఇనుప కొడవలి! ఆరో తరగతి చదివే మా అమ్మాయి “రాతియుగంలో ఇనుమేంటి నాన్నా?” అంది. గైడ్ కుర్రాడు “ఏవోనండి, మాకు చెప్పమన్నదే చెప్తామండి” అన్నాడు. పాపం, వాణ్ణేమంటాం.

మ్యూజియం ఇంకా ఘోరం. ‘ఇక్కడే తవ్వకాల్లో దొరికిన 5,000 ఏళ్ల కుండ’ అని చీటీ అంటించారు. పాతకాలపు నలుపు-ఎరుపు కుండలా కనబడేట్టు చేశారు. అసలైన నలుపు-ఎరుపు కుండలు ఇనుపయుగం సమాధుల్లో బాగా దొరుకుతాయి. వాటిని బోర్లించి కాలుస్తారు కాబట్టి లోపలా, మూతి చుట్టూ నల్లగా, కింద ఎర్రగా ఉంటాయి. దీని లోపలంతా ఎరుపే. మూతికి నల్ల పెయింటు, అది కారిన చార కూడా అలాగే ఉంది.

అయినా 6,000 ఏళ్ల కిందట మన కోనసీమలో చాలా భాగం సముద్రమేనండి. తర్వాత గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఇది. బండరాయే లేని ఈ నేలలో వీళ్లు రాక్షసగుళ్లు (పెద్ద బండరాళ్లతో కట్టిన పాతకాలపు సమాధులు) కూడా ‘బయటపడ్డాయి’ అంటున్నారు. అసలువి చూడాలంటే గోదావరి ఎగువన, తెలంగాణలో పినపాక వైపు, జానంపేట వెళ్లాలి.

డబ్బులడిగితే ‘నో రీఫండ్’ అని టోకెన్ చూపించారు. దాని మీద సంస్థ పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. ఫోన్‌పే ఎవరో మనిషి పేరు మీదకి వెళ్లింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెబుదామన్నా చేతిలో బిల్లు లేదు. నా తప్పే, ముందే అడగాల్సింది. మీరు మాత్రం మొత్తం ఎంతో, బిల్లు ఇస్తారో లేదో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

పిల్లల మొహాలు చూడలేక వచ్చేటప్పుడు ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గర ఆపాను. మా అమ్మాయి ఒక ఇటుకని జానతో కొలుస్తూ అక్కడే కూర్చుంది, ఎంత పిలిచినా లేవదు. రాజమండ్రిలో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కూడా చూపిస్తానని మాటిస్తే గాని కారెక్కలేదు.

అక్కడ ఎవరైనా బిల్లు తీసుకుని ఉంటే చెప్పండి, కలిసి ఫిర్యాదు పెడదాం.