కదలకుండా నాలుగు గంటలు: మిన్నెసోటా వేటలో ఒంటికి ఆనే ఉన్ని, మేం దిగిన మూడు బసలు

మిన్నెసోటాలో తుపాకీతో జింకల వేట నవంబరు 6కి దగ్గరగా వచ్చే శనివారం మొదలవుతుంది. ముందు రోజు సాయంత్రం మినియాపొలిస్ నుంచి ఉత్తరానికి వెళ్లే రోడ్లు చూస్తే నాకు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారే గుర్తొస్తుంది. ఎక్కడ చూసినా పికప్ ట్రక్కులు, ట్రెయిలర్లు, వెనక సీటు మీద, వేటగాళ్లు ఒకరికొకరు కనబడాలని వేసుకునే నారింజ రంగు కోట్లు. నేనూ మా బావా మధ్యాహ్నం రెండింటికే బయల్దేరినా వాకర్ అనే ఊరు చేరేసరికి ఏడు దాటింది.

నాకిది మూడో నవంబరు, బావకి మొదటిది. 1979 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లు ఇక్కడ లైసెన్సు తీసుకోవాలంటే తుపాకీ భద్రత కోర్సు పాసై ఉండాలి. బావ వేసవిలోనే ఆ పని ముగించాడు. బూట్లు, చేతి తొడుగులు, నారింజ టోపీ, అన్నీ కొన్నాడు. ఒంటికి ఆనే మొదటి పొర దగ్గర మాత్రం నా మాట వినలేదు. "చలి ఎక్కువ కదా, మందంగా ఉన్నదే కొంటా" అని 260 గ్రాముల మెరినో (మెరినో గొర్రెల సన్నని ఉన్ని) టాప్, ప్యాంటు తెచ్చుకున్నాడు. ఆ అంకె బట్ట బరువు: చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని. 150 అంటే పల్చటి బనీను లాంటిది, 200 మధ్యరకం, 250 దాటితే బాగా మందం.

దారిలో బ్రెయినర్డ్ దగ్గర ఒక వేట సామాన్ల దుకాణంలో ఆగాం. ఈ యాత్రలో మాకు దొరికిన సేవల్లో నేను మొదటి మార్కు వేసేది ఆ దుకాణానికే. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దావిడ బావ చేతిలో సంచీ చూసి, "ఎంత దూరం నడుస్తారు? ఎంతసేపు కూర్చుంటారు?" అని రెండే ప్రశ్నలు అడిగింది. చీకట్లో కిలోమీటరున్నర నడక, ఆ తర్వాత నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం అని చెప్పాం. "అయితే పల్చటిది వేసుకుని నడవండి, మందంది సంచీలో పెట్టుకోండి" అంది. అమ్ముకోవాలన్న తొందర లేదు. లోపల పల్చటి టాప్ ఒకటి తీసుకోమని చెప్పి, ఖరీదైనదాన్ని పక్కన పెట్టి తగ్గింపులో ఉన్నదాన్నే చూపించింది. బావ మొహమాటానికి కొన్నాడు కానీ మర్నాడు వేసుకోలేదు.

వాకర్ దగ్గర హైవే పక్కన మోటెల్లో రెండు రాత్రులకి గది తీసుకున్నాం. అద్దె ఈ రోజుల్లో ఎక్కడైనా ఎక్కువే కాబట్టి దాని గురించి నేనేమీ అనను. గది చిన్నది, శుభ్రంగా ఉంది. పార్కింగ్‌లో రాత్రంతా ట్రక్కులు స్టార్ట్ చేసి ఉంచుతారు, నిద్ర సరిగా పట్టదు. అసలు ఇబ్బంది వేరే ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

శనివారం ఉదయం చిప్పెవా నేషనల్ ఫారెస్ట్‌లోకి వెళ్లాం. ఇది ప్రభుత్వ అడవి. ఆరున్నర లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా వేటాడొచ్చు. సొంత భూమి లేని మాలాంటి వాళ్లకి ఇది పెద్ద వరం. ఆస్పెన్ చెట్లు, ఫర్ చెట్లు, మధ్యలో దేవదారు మొలిచిన చిత్తడి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి అనుమతి ఉంటుంది కాబట్టి ఐదున్నరకే టార్చి వేసుకుని నడక మొదలుపెట్టాం. అప్పుడు చలి మైనస్ 8. బావ మందపాటి మెరినో మీద ఫ్లీసు (నూగులాంటి సింథటిక్ జాకెట్), దాని మీద కోటు వేసుకుని నడిచాడు. మేం కూర్చునే మంచెల దగ్గరికి చేరేసరికి మెడ నుంచి ఆవిరి లేస్తోంది. "భలే వెచ్చగా ఉందిరా" అన్నాడు. నాకు భయమేసింది, ఎందుకంటే మొదటి ఏడాది నేనూ సరిగ్గా అదే మాట అన్నాను.

ఎనిమిదిన్నరకి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: వీపు మీద ఐసు పెట్టినట్టుంది, వణుకు ఆగట్లేదు అని. తొమ్మిదికి ఇద్దరం మంచెలు దిగి వచ్చేశాం.

ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుంది అన్న మాట నిజమే. మహబూబ్‌నగర్ వైపు మా ఊళ్లో గొర్లు కాసే కురుమలు వానలో గొంగడి కప్పుకుని నిలబడటం చూస్తూ పెరిగిన నాకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పోగుల లోపలికి పీల్చుకుని కూడా పైకి తడిగా అనిపించదు. పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుడుతుంది. కానీ దానికీ ఒక హద్దుంది. మందపాటి టాప్ వేసుకుని చెమట కార్చుకుంటే ఆ హద్దు దాటిపోతుంది. ఆపైన కదలకుండా కూర్చున్నప్పుడు ఆ తడి ఆరడానికి కావాల్సిన వేడి మన ఒంట్లోంచే పోతుంది. పైగా మందపాటి ఉన్ని త్వరగా ఆరదు. ఈ ఒక్క విషయంలో పాలియెస్టరే మేలు. వేటలో చలి బయట నుంచి వచ్చేది తక్కువ, పొద్దున నడకలో మనకి పట్టిన చెమట నుంచి వచ్చేదే ఎక్కువ.

గొంగడికీ మెరినోకీ తేడా పోగు సన్నదనంలో ఉంది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, ఒంటికి నేరుగా తగిలితే గుచ్చుకుంటుంది. లోపలి బట్టలకి వాడే మెరినో పోగు సుమారు 17 నుంచి 19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత సన్నని పోగు చర్మాన్ని గుచ్చదు, వంగిపోతుంది. కొనేటప్పుడు లేబుల్ మీద మైక్రాన్ అంకె ఉంటే తప్పక చూడండి.

మోటెల్ గదిలో ఆ తడి బట్టలు ఆరేయడానికి చోటు లేదు. కిటికీ కింద ఉన్న హీటరు పది నిమిషాలు ఊది ఆగిపోతుంది. రిసెప్షన్‌లో రెండుసార్లు అడిగాం. చూస్తాం అన్నారు కానీ ఎవరూ రాలేదు. ఇంకో గది ఇమ్మంటే సీజన్ మొదలు కదా, ఖాళీ లేదన్నారు. బాత్రూం రాడ్ మీద వేసిన టాపులు ఆదివారం పొద్దున నాలుగింటికి ఇంకా చెమ్మగానే ఉన్నాయి. బావ హైవే మీద కొన్న చవక పాలియెస్టర్ వేసుకున్నాడు. అది ఆరుతుంది, నిజమే. మధ్యాహ్నానికి కార్లో కిటికీ దించాల్సి వచ్చింది. మెరినో మూడు రోజులు వేసుకున్నా అంత కంపు కొట్టదు. అలాగని మెరినో వేసుకుంటే జింకకి మన వాసన రాదని ఎవరైనా అంటే నమ్మకండి. దాని ముక్కు ముందు ఏ బట్టా నిలవదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చోవాల్సిందే.

ఆదివారం రాత్రి మా జాతకం మారింది. ఆఫీసు స్నేహితుడి నాన్నగారికి అక్కడికి దగ్గర్లోనే సొంత అడవి, అందులో ఒక డీర్ షాక్ (వేట రోజుల్లో ఉండే గుడిసె) ఉన్నాయి. రమ్మన్నారు. చెక్క గుడిసె, నాలుగు బంకు మంచాలు, బయట మరుగుదొడ్డి, కరెంటు లేదు. మధ్యలో కట్టెల పొయ్యి, దాని మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు. ఆ తాడు చూడగానే ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన మా టాపులు తీసుకుని పొయ్యికి బారెడు దూరంలో వేశారు. దగ్గరగా వేస్తే ఉన్ని గట్టిపడిపోతుందట. నిప్పురవ్వ పడినా ఉన్ని సింథటిక్ బట్టలా కరిగి ఒంటికి అంటుకోదు, అందుకే ఆయన నలభై ఏళ్లుగా ఉన్ని తప్ప ఇంకోటి వేసుకోలేదట. ఆయన దగ్గర ఉన్నవి పాత ముతక ఉన్ని చొక్కాలు. మేం తెచ్చిన మెరినోని వేళ్లతో తడిమి, "ఇది మా కాలంలో ఉంటే బావుండేది" అన్నారు. అద్దె ఏమీ లేదు. మేం తీసుకెళ్లిన కోడి కూర, అన్నం వేడి చేసుకుని అందరం తిన్నాం.

సోమవారం బావ దుకాణం ఆవిడ చెప్పినట్టే చేశాడు. పల్చటి టాప్, దాని మీద నారింజ కోటు, అంతే. జిప్పు ఛాతీ దాకా దించుకుని కొంచెం చలిగా అనిపిస్తుండగానే నడిచాడు. మంచె కింద ఐదు నిమిషాలు నిలబడి ఒళ్లు చల్లారనిచ్చి, మందపాటి టాప్, ఫ్లీసు అప్పుడు వేసుకుని పైకెక్కాడు. కాళ్లకి మాత్రం మందపాటి ప్యాంటు మొదటి నుంచీ ఉంచమన్నాను. నడకలో కాళ్లకి వీపుకి పట్టినంత చెమట పట్టదు, కూర్చున్నప్పుడు మాత్రం ముందు తిమ్మిరెక్కేవి కాళ్లే. పదకొండున్నర దాకా దిగలేదు. మధ్యాహ్నం మళ్లీ ఎక్కాడు. నాలుగుంపావుకి ఒక్క తుపాకీ శబ్దం వినిపించింది.

చిన్న మగ జింక. నేను వెళ్లేసరికి బావ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పెద్దాయన వచ్చి కత్తి పట్టడం నేర్పించారు. టాప్ చేతులు మోచేయి పైకి మడిచి, ఆ చలిలో వేడి పేగుల్లో చేతులు పెట్టి చేసే పని అది. చేతి బొటనవేలికి తగిలించుకునే కన్నాలున్న టాపులు మామూలుగా నాకిష్టం, కానీ ఆ పనిలో అడ్డం. 48 గంటల్లోపు జింకని రిజిస్టర్ చేయాలి. ఫోన్‌లోనే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇంత సులువైన ప్రభుత్వ పని నేను తక్కువ చూశాను.

మాంసం కోసి ప్యాక్ చేసే దుకాణం విషయంలో మాత్రం జాగ్రత్త. మొదటి ఏడాది నేను ఇచ్చిన చోట రెండు వారాలన్నారు, ఐదు వారాలు పట్టింది. సాసేజ్ కోసం నలుగురి మాంసం కలిపేశారని తర్వాత తెలిసింది. ఈసారి "మా జింక మాంసం మాకే ఇస్తారా?" అని ముందే అడిగి, అవునన్న చోటే ఇచ్చాం. మీరూ ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

చివరి రెండు రాత్రులు లీచ్ లేక్ ఒడ్డున ఒక రిసార్టు క్యాబిన్. అక్టోబరు అయ్యాక చాలా రిసార్టులు నీళ్లు ఆపేసి మూసేస్తాయి. నవంబరులో తెరిచి ఉండేవాటికి ముందే ఫోన్ చేయాలి. అద్దె మోటెల్ కంటే కొంచెం ఎక్కువే, కానీ వంటగది ఉంది, తలుపు దగ్గర వరసగా కొక్కేలు, వాటి కింద హీటరు. సాయంత్రం వేసిన పల్చటి మెరినో అన్నం తినేలోపే ఆరిపోయింది, మందంది పొద్దుటికి. ఇప్పుడు నన్ను బస గురించి ఎవరైనా అడిగితే, మంచం ఎలా ఉందని కాదు, బట్టలు ఎక్కడ ఆరేస్తారో అడగమంటాను. కుటుంబంతో వెళ్తే క్యాబిన్, తెలిసినవాళ్లు పిలిస్తే షాక్. మోటెల్ వేరే దారి లేనప్పుడే.

తిండి గురించి ఒక్క మాట. పులిహోర ఆ చలిలో డబ్బాలో గడ్డకట్టిపోయింది. సున్నుండలు, ఫ్లాస్కులో అల్లం టీ బ్రహ్మాండంగా పనిచేశాయి.

కొనాలనుకునేవాళ్లకి నా మూడేళ్ల అనుభవం ఇది. నూటికి నూరు శాతం మెరినో ఒంటికి చాలా హాయి, కానీ 150 గ్రాముల పల్చటి రకంలో నాది సంచీ పట్టీ రాసుకునే భుజం దగ్గర ఒక్క సీజన్‌కే చిల్లు పడింది. పల్చటిదైతే నైలాన్ కొంచెం కలిసినది తీసుకోండి, ఎక్కువ కాలం వస్తుంది. మందంది పైన వేసుకునేది కాబట్టి స్వచ్ఛమైన మెరినో ఉంచుకోవచ్చు. స్మార్ట్‌వూల్, ఐస్‌బ్రేకర్, న్యూ హ్యాంప్‌షైర్ కంపెనీ మైనస్33, ఈ మూడింటి బట్టలూ మా ఇంట్లో ఉన్నాయి. పేరు కంటే నడుము కింద దాకా వచ్చే పొడవు, భుజం మీద కుట్టు లేకపోవడం, మెడ దగ్గర జిప్పు, ఇవే నాకు ముఖ్యం. పొట్టి టాప్ అయితే కూర్చున్నప్పుడు నడుం దగ్గర పైకి లేచి సరిగ్గా అక్కడే చలి దూరుతుంది.

ఇంటికొచ్చాక చల్లటి నీళ్లలో, మెత్తటి సబ్బుతో ఉతికి, పరిచి ఆరబెట్టండి. సాఫ్టెనర్ వద్దు, డ్రయర్ అసలు వద్దు. పురుగు కొట్టకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచండి. శీతాకాలం అయ్యాక, మార్చి ప్రాంతంలో దుకాణాలు ధర తగ్గిస్తాయి. బావ రెండో జత అప్పుడే కొంటానన్నాడు, ఈసారి పల్చటిదే. వచ్చే నవంబరుకి ఆ క్యాబిన్ మాత్రం బయల్దేరే ముందే అడ్వాన్సు ఇచ్చి వచ్చాం.