అమ్మానాన్నలకు కూడా అటెండెన్స్ వేసే లెక్కల ట్యూషన్

నల్లగొండలో లెక్కల ట్యూషన్లకు కరువు లేదు. రామగిరి వైపు ఏ సందులోకి పోయినా ఒక బోర్డు కనిపిస్తుంది. మా పాపను పదో తరగతి లెక్కలకు చేర్పించిన ట్యూషన్ గురించి రాస్తున్నాను. పాప ఇంకా అక్కడికే పోతోంది కాబట్టి పేరు రాయను.

బడిలో పెట్టే ఎస్‌ఏ-1 పరీక్షలో లెక్కలకు 80కి 27 వచ్చాక పరుగెత్తుకుని పోయాం. సారు ముందే ఒక షరతు పెట్టారు: నెలకు రెండు ఆదివారాలు తల్లో తండ్రో వచ్చి పిల్ల పక్కన గంటసేపు కూర్చోవాలి. నాకు నవ్వొచ్చింది. బ్లౌజులు కుట్టుకునేదాన్ని, పదిలో లెక్కలు 36తో గట్టెక్కినదాన్ని. "నేనొచ్చి ఏం చెప్తా సార్?" అన్నా. "మీరు చెప్పొద్దనే రమ్మంటున్న అక్కా" అన్నారు.

ఆ మాట అసలు మా ఆయనకు తగలాలి. ఆయన బస్సు కండక్టరు, ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే తేల్చేస్తాడు. అందుకని ఇంట్లో లెక్కలు ఆయన వంతు. డ్యూటీ దిగి వచ్చి పుస్తకం తియ్యమంటాడు, రెండు నిమిషాలకే "ఇంత చిన్న లెక్క రాదా?" అని అరుస్తాడు. పాప పెన్ను పట్టుకుని బిగుసుకుపోతుంది. చివరికి ఆయనే చేసి పెడితే దించుకుంటుంది. నోటుబుక్కు నిండా రైట్లే, పరీక్షలో పేపరు ఖాళీ.

మొదటి ఆదివారం సారు ఇదే సంగతి ఎత్తారు. 2009లో అమెరికాలో హిల్, టైసన్ అనే ఇద్దరు పరిశోధకులు, మిడిల్ స్కూలు పిల్లల మీద వచ్చిన 50 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారట. ఇంట్లో హోంవర్కుకు సాయం చేయడం వల్ల చదువుకు లాభం కనపడలేదట. చదువు ఎందుకు పనికొస్తుందో, ముందు ముందు ఏం కావాలనుకుంటున్నారో పిల్లలతో మాట్లాడిన ఇళ్లలోనే ఎక్కువ ఫలితం ఉందట. మా ఆయనకు వినిపించాలని ఆ రోజే అనుకున్నా.

ఇక గంటసేపు ఏం చేస్తామంటే, పిల్ల లెక్క చేస్తూ మనకు వివరించాలి. మనం "ఎందుకు?" అని మాత్రమే అడగాలి. ఒక రోజు పాప ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 6 ఈక్వల్ టు 0 అనే వర్గ సమీకరణం తీసింది. మధ్య పదాన్ని ప్లస్ 3ఎక్స్, మైనస్ 2ఎక్స్ అని విడగొట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా, "ఆ రెండూ కలిపితే మళ్లీ మొదటిదే రావాలా?" అని అడిగా. "రావాలి మమ్మీ" అంది. కలిపి చూసుకుంది, ప్లస్ ఎక్స్ వచ్చింది. "అయ్యో!" అని తనే కొట్టేసి, మైనస్ 3ఎక్స్, ప్లస్ 2ఎక్స్ అని రాసింది. కుట్టు విప్పి మళ్లీ వేసినట్టే అనిపించింది నాకు.

ప్రీఫైనల్‌లో 80కి 49 వచ్చాయి. అంతా ట్యూషన్ పుణ్యమే అనలేను, బడిలో స్పెషల్ క్లాసులు కూడా జరిగాయి. కానీ లెక్కల పుస్తకం తీయాలంటే వచ్చే కడుపునొప్పి మాత్రం పోయింది.

నచ్చనివీ ఉన్నాయి. సరూప త్రిభుజాల సిద్ధాంతాలను సారు పరుగు మీద చెప్పేశారు, పాప ఇప్పటికీ వాటిని బట్టీ పడుతోంది. ప్రతి టెస్టు మార్కులూ పేర్లతో సహా వాట్సాప్ గ్రూపులో పెడతారు. తక్కువ వచ్చిన పిల్లల తల్లుల ముఖాలు చూడలేం. ఆదివారం హాజరు విషయంలో మరీ కఠినం. కనగల్ వైపు నుంచి వచ్చే ఒకాయన పత్తి ఏరే రోజుల్లో రెండుసార్లు రాలేకపోతే, కొడుకును అందరి ముందు నిలబెట్టి అడిగారు. చేనుకు ఆదివారం ఉంటుందా? ఫోన్లో మాట్లాడినా చాలని నేను చెప్పి చూశా, వినలేదు. ఫీజు కూడా ఒక్కసారే కట్టాలి, వాయిదాలు లేవు.

అయినా 5కి 4 ఇస్తాను. మీ ఇంట్లో కూడా లెక్కల దగ్గర అరుపులు మొదలైతే ఒకసారి పోయి మాట్లాడండి.

పోయిన ఆదివారం నాకు పెళ్లి బ్లౌజుల పని పడి మా ఆయన్ని పంపించా. గంటసేపు నోరు మెదపలేదని పాప చెప్పింది. ఇంటికొచ్చి నాతో మాత్రం, "రెండు లైన్ల లెక్కను పేజీ చేసింది తెలుసా?" అన్నాడు.