పాత మస్టాంగ్‌కి కొత్త సీట్లు కొంటున్నారా? కవరు కింద ఏముందో చూసేదాకా డబ్బు కట్టకండి

పాత అమెరికన్ కార్లంటే ప్రాణం పెట్టే మన వాళ్లకి, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల 1960ల నాటి మస్టాంగ్‌లు, కమారోలు, షెవెల్‌లు కొని బాగు చేయించుకుంటున్న వాళ్లకి ఇది రాస్తున్నాను. "1965 నుంచి 1970 దాకా ఏ మస్టాంగ్‌కైనా నేరుగా బిగించుకోవచ్చు, ఎత్తు వీపు, స్పోర్ట్స్ సపోర్ట్, హెడ్‌రెస్ట్‌తో సహా" అని జత 1,480 డాలర్లకి అమ్ముతున్న సీట్లు కొని దెబ్బతిన్నాను. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. ఆ సీట్లో మా ఆవిడని కూర్చోబెట్టుకుని ప్లేనో నుంచి వేకో దాకా వెళ్లి వచ్చాను. రానూ పోనూ రెండు వందల మైళ్ల పైనే. లోపల ఏముందో చూశాక, ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాది 1967 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్, అంటే పైకప్పు వెనక్కి ఏటవాలుగా దిగే రకం. మస్టాంగ్‌లో 390 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజను మొదటిసారి పెట్టింది ఆ ఏడాదే. 320 హార్స్‌పవర్ అని ఫోర్డ్ లెక్క. ఇంజను అంత బలమైంది, సీట్లు మాత్రం ఇంట్లో సోఫా కుర్చీల్లాంటివి. వీపు పొట్టి, హెడ్‌రెస్ట్ లేదు, మలుపు తిప్పితే రెక్సిన్ మీద ఒళ్లు పక్కకి జారిపోతుంది. అమెరికాలో కొత్త కార్ల ముందు సీట్లకి హెడ్‌రెస్ట్ తప్పనిసరి అయింది 1969 జనవరి 1 నుంచి. మన కార్లు అంతకు ముందువి.

పోయినేడు ప్రెస్టన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా క్యామ్రీని వెనక నుంచి ఒకాయన గుద్దాడు. హెడ్‌రెస్ట్ ఉండి కూడా రెండు వారాలు మెడ తిప్పలేకపోయాను. ఆ రోజు మస్టాంగ్‌లో ఉండుంటే ఏమయ్యేదో! సీట్లు మార్చాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. అందం కోసం కాదు, మెడ కోసం. అందుకే నాకింత కడుపుమంట.

ఫోన్లో మాట్లాడినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. డ్రిల్లింగ్ అక్కర్లేదు, పాతవి విప్పి కొత్తవి బిగించడమే అన్నాడు. సగం కార్డు మీద కట్టి, మిగతా సగం జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే 60 డాలర్లు తగ్గిస్తానన్నాడు. పంపాను. ఆరు వారాలన్న సీట్లు పదకొండు వారాలకి వచ్చాయి.

ఈ కార్లలో సీటు పట్టాలకున్న స్టడ్‌లు (మరలున్న కడ్డీలు) నేలరేకులోంచి కిందికి దిగుతాయి. కారు కింద పడుకుని రబ్బరు మూతలు ఊడదీసి నట్లు విప్పాలి. అంటే సీటు ఎక్కడ బిగియాలో ఫోర్డ్ వాళ్లు ముందే తేల్చి ఉంచారు. మరి ఈ పెట్టెలో వచ్చినవి? మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని ఇనుప పట్టీలు, ఏ కారుకైనా సరిపోవాలని పొడవాటి గాట్లు కోసినవి. నాలుగు కన్నాల్లో రెండే కలిశాయి. ఫోన్ చేస్తే, మిగతా రెండూ అందరూ డ్రిల్ చేసుకుంటారు అన్నాడు. డ్రిల్లింగ్ అక్కర్లేదన్నది ఈ మనిషే. అప్పుడే పెట్టెలు మూసి వెనక్కి పంపాల్సింది. పదకొండు వారాలు ఎదురుచూసిన ఆత్రం, వారాంతంలో సాయానికి వచ్చిన స్నేహితుడు... డ్రిల్ చేశాం.

కూర్చోగానే తేడా తెలిసింది. పట్టీల వల్ల సీటు పాతదానికన్నా రెండున్నర అంగుళాలు ఎత్తు లేచింది. తొడలు స్టీరింగ్‌కి తగులుతున్నాయి, జుట్టు పైకప్పు గుడ్డకి రాసుకుంటోంది. నడుముకి ఆనాల్సిన ఉబ్బు పక్కటెముకల చివర పొడుస్తోంది. కొత్త స్పాంజి కదా, నాలుగు రోజులకి సర్దుకుంటుందిలే అనుకున్నాం. వేకో చేరేసరికి మా ఆవిడ దిగి నడుం పట్టుకుని నిలబడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు హిల్స్‌బరో దగ్గర, ఐ-35 హైవే రెండు పాయలుగా చీలే చోట, ముందు ట్రక్కు ఆగితే నేనూ గట్టిగా బ్రేకు వేశాను. కారు ఆగి ఒళ్లు వెనక్కి పడేసరికి నా సీటు వీపు "టక్" మని లీవరు పళ్లలో ఒక పన్ను మేర వెనక్కి జారింది. లీవరు నేను ముట్టుకోలేదు.

ఆ రాత్రి విజయవాడలో ఉన్న మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా బస్సు సీట్లు, కారు సీట్లు కట్టిన చెయ్యి ఆయనది.

"అబ్బాయ్, ముందు కవరు సంగతి వదిలెయ్. బోల్టు తల చూపించు. దాని మీద నంబరేమన్నా ఉందా?"

"ఏం లేదు బాబాయ్. నున్నగా ఉంది."

"నున్నగా ఉందా? అయితే ఆ బండి ఇంక తియ్యమాక. వెనక జిప్పు విప్పు, లోపల చూద్దాం."

మన దగ్గర మంచి బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. ఇక్కడి అంగుళాల బోల్టులకి బలాన్ని బట్టి గ్రేడు, దాన్ని చూపించే గీతలుంటాయి. గ్రేడ్ 5 అయితే మూడు, గ్రేడ్ 8 అయితే ఆరు, మధ్య నుంచి అంచుకి కిరణాల్లా. అమెరికన్ కార్లలో సీటు బెల్టుకి వాడేది 7/16 అంగుళం గ్రేడ్ 8 బోల్టు. నాకు పంపిన ఎనిమిది బోల్టుల్లో ఒక్కదాని మీదా ఒక్క గీత లేదు.

జిప్పు తీసి, ఇనుప రింగులు కత్తిరించి రెక్సిన్ వెనక్కి మడిచాం. నడుము దగ్గర ఉబ్బు రంగురంగుల ముక్కలు అతికించిన తుక్కు స్పాంజి. వీపు ఫ్రేము సన్నటి గొట్టం. లీవరు పక్క వెల్డింగు రెండు చోట్ల బొబ్బలెక్కి, ఒక చోట వెంట్రుకంత పగులు. పన్ను జారింది అక్కడే. అన్నిటికన్నా నన్ను కుదిపేసింది పైభాగం. ఆ గొట్టం భుజాల దగ్గరే వంపు తిరిగి ఆగిపోయింది. తల ఆనే చోట ఇనుము లేదు, ఉత్త స్పాంజి. బొటనవేలితో నొక్కితే వెనక్కి మడత పడిపోయింది. నేను ఆ సీట్లు కొన్నదే హెడ్‌రెస్ట్ కోసం.

"వెనక నించి గుద్దితే బెల్టు పట్టుకోదురా. నిన్ను పట్టుకునేది సీటు వీపే," అన్నాడు బాబాయ్. నిజమే. ముందు నుంచి దెబ్బ తగిలితే నేలకి బిగించిన బెల్టు మనిషిని ఆపుతుంది. వెనక నుంచి తగిలితే మనిషి బరువంతా సీటు వీపు మీద, దాని లీవరు పళ్ల మీద, కింద నాలుగు బోల్టుల మీద పడుతుంది. నా బోల్టులు పలచటి నేలరేకుకి చిన్న వాషర్లతో బిగించి ఉన్నాయి. కిందికి దూరి చూస్తే ఆ ఒక్క ప్రయాణానికే రెండు కన్నాల చుట్టూ రేకు గిన్నెలా లొట్టపడింది. కొత్త కన్నం పెట్టక తప్పకపోతే కింద వెడల్పాటి మందపాటి పలక వేయాలి. అమ్మినాయన దాని మాటే ఎత్తలేదు.

మరి వీటికి చట్టం లేదా అంటారా? అమెరికా ప్రభుత్వ వాహన భద్రతా ప్రమాణాల్లో (ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్) 207 అని 1968 నుంచి కార్ల సీట్లకి ఒక నిబంధన ఉంది. సీటు తన బరువుకి ఇరవై రెట్లు లాగినా ఊడకూడదు. 40 పౌండ్ల సీటైతే 800 పౌండ్ల లాగుడన్నమాట. కానీ ఆ నిబంధన కొత్త కారు తయారుచేసే కంపెనీకి వర్తిస్తుంది. విడిగా సీటు అమ్మేవాడు తన సరుకుని అలా పరీక్షించి తీరాలని అందులో లేదు. బెల్టులకి మాత్రం విడిగా 209 ఉంది, విడి బెల్టు అమ్మినా దానికి లోబడాల్సిందే. సీటు కొనేటప్పుడు మనం అడగకపోతే అడిగేవాళ్లు లేరు.

అడగాల్సింది ఇది: కవరు వేయని ఫ్రేము ఫోటో పంపమనండి. హెడ్‌రెస్ట్ లోపలిదాకా ఇనుము వెళ్లిందో లేదో అందులో కనిపిస్తుంది. మీ కారు పేరు, సంవత్సరం చెప్పి దానికోసమే చేసిన బ్రాకెట్ ఫోటో అడగండి. గాట్లు కోసిన పట్టీ చూపిస్తే అక్కడితో మాట ఆపేయండి. 207 ప్రకారం పరీక్ష చేయించారా, కాగితం ఉందా అనడగండి. మంచి సరుకు చేసేవాళ్లు ఇవన్నీ సంతోషంగా చూపిస్తారు. ఈ మధ్య కార్ల ప్రదర్శనలో ఇంకో తయారీదారు నాకు ఉత్త ఫ్రేమే చేతిలో పెట్టాడు.

సపోర్ట్ సంగతి ఫోటోలో తెలియదు, కూర్చుంటేనే తెలుస్తుంది. ఐదు నిమిషాలు చాలదు, అరగంటైనా కూర్చోండి. ఉబ్బు మీ నడుము వంపులో ఆనాలి. మోకాళ్ల వెనక రెండు వేళ్ల సందు ఉండాలి. పాత సీటు ఎత్తు నేల నుంచి కొలుచుకుని వెళ్లి కొత్తదానితో పోల్చండి. ఇంకొకటి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు: బెల్టు పెట్టుకుని చూడండి. నడుం బెల్టు తుంటి ఎముకల మీద కూర్చోవాలి. సీటు పక్కలు మరీ లావుగా ఉంటే, నేల నుంచి వచ్చే బెల్టు వాటి మీదుగా ఎక్కి పొట్ట మీదికొస్తుంది. గుద్దుకున్నప్పుడు ఒళ్లు బెల్టు కిందికి జారి, దెబ్బ పేగులకి తగులుతుంది. మా ఆవిడకి ఆ సీట్లో బెల్టు సరిగ్గా అలాగే వచ్చింది. దానికి మందుగా రేసు సీటు, నాలుగు పట్టీల హార్నెస్ (రేసు కార్లలో వాడే బెల్టు) పెట్టుకోమని ఎవరైనా చెప్తే వినకండి. భుజం పట్టీలు నేలకి కట్టేస్తే దెబ్బ తగిలినప్పుడు వెన్నెముకని కిందికి నొక్కేస్తాయి.

ఇక డబ్బు. "మీ కోసం కుట్టించినవి, వాపసు లేదు" అన్నది మొదటి జవాబు. పగిలిన వెల్డింగు ఫోటోలు పంపాక జవాబే లేదు. కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే కార్డు మీద కట్టిన సగం రెండు నెలల్లో తిరిగొచ్చింది. చట్ట ప్రకారం మొదటి బిల్లు పంపిన 60 రోజుల లోపు రాయాలి, ఆ గడువు మర్చిపోకండి. సరుకు ఆలస్యమవుతుంటే గడువు కరిగిపోతూనే ఉంటుంది. జెల్‌లో పంపిన సగం పోయినట్టే. తగ్గింపు ఆశ చూపించి జెల్ అడిగితే ఒప్పుకోకండి.

ప్రస్తుతానికి కారులో పాత ఫోర్డ్ సీట్లే మళ్లీ ఎక్కించాను. డ్రిల్ చేసిన కన్నాలకి రేకు వేసి వెల్డింగు చేయించాను. హెడ్‌రెస్ట్ లేదు కాబట్టి ఫ్రీవే ఎక్కడం లేదు, ఊళ్లోనే నడుపుతున్నాను. ఆ ప్రదర్శనలో ఫ్రేము చూపించినాయన సీట్ల ధర నేను కొన్న జతకి రెట్టింపు, డబ్బు కూడబెడుతున్నాను.

ఇలా గాట్ల పట్టీలతో వచ్చిన సీట్లు ఇప్పటికే బిగించుకున్న వాళ్లెవరైనా ఉంటే, రేపు పొద్దున కారు తీసేముందు టార్చి పట్టుకుని ఆ బోల్టు తలలు ఒక్కసారి చూడండి. హెడ్‌రెస్ట్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. అనుమానం వస్తే ఫోటో తీసి నాకు పంపండి, బాబాయికి చూపిస్తాను.