ఫైల్ ఎవరు మూయాలి: ఫంక్షన్ పాయింటరా, స్ట్రక్టా, లాంబ్డానా?

సి++లో ఎఫ్‌ఓపెన్‌తో తెరిచిన ఫైల్‌ని యూనిక్ పాయింటర్‌కి (తన చేతిలోని దాన్ని పనయ్యాక తనే వదిలించుకునే పాయింటర్‌కి) అప్పగిస్తే, మూసే బాధ్యత దానిదే. కాకపోతే ఫైల్‌ని మూసే డిలీటర్ ఏ టైప్‌దో టెంప్లేట్ ఆర్గ్యుమెంట్‌లోనే, అంటే కంపైల్ టైమ్‌లోనే చెప్పాలి.

చాలామంది మొదట రాసేది డిక్ల్‌టైప్‌లో (ఇచ్చినదాని టైప్ ఏమిటో చెప్పే కీవర్డ్‌లో) ఎఫ్‌క్లోజ్ అడ్రస్, అంటే ఫంక్షన్ పాయింటర్. పని జరుగుతుంది గానీ, పాయింటర్ తయారుచేసిన ప్రతిచోటా ఎఫ్‌క్లోజ్‌ని మళ్లీ అందించాలి. పైగా 64 బిట్ మెషిన్‌లో సైజ్ చూస్తే 8 బైట్లు ఉండాల్సింది 16 అవుతుంది. నేనైతే దీని జోలికి పోను.

లాంబ్డా, అంటే అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్, చూడముచ్చటగా ఉంటుంది: డిక్ల్‌టైప్ బ్రాకెట్లలోనే ఒక్క లైన్‌లో రాసేయొచ్చు. అయితే సి++11లో లాంబ్డాలు వచ్చినా, ఇలా రాయడం మాత్రం నిషేధం. ఎందుకంటే టెంప్లేట్ సిగ్నేచర్‌లోకి ఒక ఫంక్షన్ బాడీ మొత్తం వచ్చి పడితే, రెండు డిక్లరేషన్లు ఒకటేనా అని పోల్చడం, దానికి సింబల్ పేరు కట్టడం కంపైలర్‌కి నరకం. సి++17 లాంబ్డాని కాన్‌స్టెక్స్‌పర్‌లోకి (కంపైల్ టైమ్‌లోనే లెక్కగట్టే కోడ్‌లోకి) రానిచ్చింది గానీ ఈ తలుపు తీయలేదు. తీసింది సి++20. క్యాప్చర్ లేని (బయటి వేరియబుల్స్ వేటినీ పట్టుకోని) లాంబ్డాకి డీఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ కూడా అప్పుడే దక్కింది. అది లేకపోతే మన పాయింటర్ తనంతట తాను డిలీటర్‌ని తయారుచేసుకోలేదు. జీసీసీ కంపైలర్‌లో 11 నుంచి 15 దాకా డీఫాల్ట్ సి++17 కాబట్టి, సి++20 ఫ్లాగ్ పెట్టడం మర్చిపోతే ఎర్రర్ ఖాయం.

సైజ్ 8 బైట్లే కదా అని మురిసిపోయి, నేను ఆ లైన్‌ని హెడర్‌లో పెట్టాను. ఆ పాయింటర్‌ని తీసుకునే ఫంక్షన్‌ని ఒక ఫైల్‌లో రాసి ఇంకో ఫైల్ నుంచి పిలిస్తే లింకర్ 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అంది. ఫంక్షన్ కళ్ల ముందే ఉంది! గంటసేపు మేక్‌ఫైల్‌ని తిట్టుకున్నాక అర్థమైంది. ప్రతి లాంబ్డాకీ సొంత టైప్ ఉంటుంది. హెడర్‌ని రెండు ఫైల్స్ ఇన్‌క్లూడ్ చేస్తే అక్షరం తేడా లేకపోయినా టైప్స్ రెండు, కాబట్టి పిలిచిన ఫంక్షన్, రాసిన ఫంక్షన్ ఒకటి కావు. ఇంకో తిరకాసు: లాంబ్డా బాడీలో తప్పుంటే ఎస్‌ఫినే (టెంప్లేట్‌లో టైప్ కుదరకపోతే ఎర్రర్ ఇవ్వకుండా ఆ ఓవర్‌లోడ్‌ని వదిలేసే నియమం) కాపాడదు, 'ఈ ఓవర్‌లోడ్ వద్దులే' అని పక్కకు తప్పుకోకుండా కంపైల్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

స్ట్రక్ట్‌కి ఈ గొడవలేవీ లేవు. నాలుగు లైన్లు, ఒక పేరు, అదే 8 బైట్లు, సి++11లోనూ నడుస్తుంది. ఎర్రర్ మెసేజ్‌లోనూ ఆ పేరే కనబడుతుంది. అందుకే హెడర్‌లో స్ట్రక్టే పెడతాను. ఒక్క సీపీపీ ఫైల్ దాటి బయటికి రాని చోట లాంబ్డా రాస్తాను, అదీ ప్రాజెక్ట్ సి++20కి మారి ఉంటేనే.