విజయనగరంలో కంప్యూటర్ బిగించుకునేవారికి హెచ్చరిక: దుకాణంవాడు చెప్పినా సరే, స్టిక్కర్ చించకండి

నిన్న మధ్యాహ్నం విజయనగరంలో నన్ను దొంగను చేశారు. నా కూతురి ముందు, సామాను కొనడానికి వచ్చిన మరో నలుగురి ముందు. దుకాణం పేరు ఇక్కడ రాయను. ఊళ్లో కంప్యూటర్ సామాను కొనేవారికి ఆ మేడమెట్లు, ఆ గాజు తలుపు అంటేనే తెలిసిపోతుంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

ముందు జరిగింది త్వరగా చెప్పేస్తాను. మాది నెల్లిమర్ల. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. అమ్మాయి ఈ ఏడు ఇంజనీరింగులో చేరింది. అదే డబ్బుకు ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ ఎక్కువ పని చేస్తుందని, తర్వాత భాగాలు మార్చుకోవచ్చని తనే చెప్పింది. నాలుగు నెలలు వెతికి ఒక్కొక్కటీ నోటుపుస్తకంలో రాసుకుంది. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, భాగాలన్నీ బిగించే బీ450 మదర్‌బోర్డు, పని జరుగుతున్నంతసేపు సమాచారం పట్టి ఉంచే 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఫైళ్లు దాచుకునే 500 జీబీ ఎస్ఎస్‌డీ, వీటన్నిటికీ కరెంటు అందించే 450 వాట్ల ఎస్ఎంపీఎస్. తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ ఆ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కనుక వేరే కార్డు కొననక్కరలేదు. అయితే ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. అందుకే ఒకటి కాకుండా రెండు ర్యామ్‌లు జంటగా వేయాలి, అప్పుడే దానికి తగిన వేగం వస్తుంది. ఇదంతా నాకు ఆ పిల్లే నేర్పింది. ఈమధ్య ర్యామ్ ధరలు మండిపోయి మా లెక్క తప్పింది. చీటీ నష్టానికి పాడి 38,000 రూపాయలు చేశాను. మానిటర్ బంధువులు వాడినది ఇచ్చారు.

శనివారం వెళ్లాం. మా కళ్లముందే బిగించారు. తెర మీద 16 జీబీ అని చూపించారు కూడా. "విండోస్ ఎక్కించడానికి రెండు గంటలు పడుతుంది, భోంచేసి రండి మాస్టారూ" అన్నాడు దుకాణంవాడు. మేము తిరిగి వచ్చేసరికి క్యాబినెట్‌ను అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశారు. ఇంకొక్కసారి ఆన్ చేసి చూపించమని నేను అడగలేదు. బిల్లు అడిగితే జీఎస్టీ బిల్లుకు 18 శాతం అదనం అవుతుందన్నాడు. చేతిలో అంత లేదు. తెల్లకాగితం మీద 'ఎస్టిమేట్' అని, దాని కింద 'కంప్యూటర్ సెట్టు 1' అని రాసిస్తే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చదివి సంతకం పెట్టమని చెబుతున్నవాణ్ణి, నేను ఆ కాగితం సరిగ్గా చదవను కూడా లేదు.

ఆ రాత్రి ఇంట్లో ఆన్ చేస్తే 8 జీబీయే చూపించింది. వెంటనే ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. ఎంత ఆప్యాయంగా మాట్లాడాడో చెప్పలేను. "ఆటో కుదుపులకు ఒక ర్యామ్ వదులైపోయి ఉంటుంది మాస్టారూ, దీనికోసం మళ్లీ ఇంతదూరం రావడం ఎందుకు? పక్క రేకు తీసి, రెండు చివరలా బొటనవేళ్లతో నొక్కండి, టక్కుమంటుంది" అన్నాడు. రేకు స్క్రూ మీద మీ స్టిక్కర్ అంటించి ఉంది కదా బాబూ అన్నాను. "చించేయండి, నేను చెబుతున్నాను కదా" అన్నాడు.

పెట్టె ఎవరైనా విప్పారో లేదో తెలియడానికి అంటించే వేలి గోరంత స్టిక్కర్ అది. దాని మీద దుకాణం ముద్ర, నీలి సిరాతో తేదీ. చిరగకుండా తీయాలని మా అమ్మాయి గోటితో చాలాసేపు ప్రయత్నించింది. మూడు ముక్కలైంది. రేకు తీసి చూస్తే లోపల ర్యామ్ ఒక్కటే ఉంది. దాని పక్కనున్న స్లాట్, అంటే ర్యామ్ గుచ్చే గాడి, ఖాళీ. వదులైనది లేదు, జారి పడినది లేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం దుకాణం సెలవు.

నిన్న క్యాబినెట్ మోసుకుని మెట్లెక్కాం. అతను కంప్యూటర్ ఆన్ చేయలేదు. ఏమైందని అడగలేదు. ముందుగా ఆ స్క్రూ మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరు చించారు?"

"నువ్వే కదా బాబూ చించమన్నావు."

"నేనా? ఎప్పుడు?" అని అక్కడున్న అందరి వైపూ తిరిగాడు. మేము వెంట తెచ్చిన మదర్‌బోర్డు పెట్టెలోంచి రెండు ర్యామ్‌ల ఖాళీ కవర్లు తీసి కౌంటర్ మీద పరిచాడు. "రెండు కవర్లూ మీ దగ్గరే ఉన్నాయి. అంటే మేము రెండూ ఇచ్చినట్టే. రేటు పెరిగిందని ఒకటి బయట అమ్ముకుని ఇక్కడికొచ్చి అడుగుతున్నారా? పిల్లలకు పాఠాలు చెప్పేవారు, మీరే ఇలా చేస్తే ఎలా మాస్టారూ?"

శనివారం భోంచేసి రమ్మన్నప్పుడు ఏ గొంతుతో మాస్టారూ అన్నాడో, అదే గొంతు. నాకు మాట పెగలలేదు. అమ్మాయి నోటుపుస్తకం తెరిచి ఏదో చూపించబోతే, "అవన్నీ తర్వాత తల్లీ" అని చేత్తో పక్కకు తోశాడు. కౌంటర్ దగ్గర నిలబడిన ఒకాయన మా చేతిసంచి వైపు చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేను. దిగి వచ్చేశాం. ఇంటికి వచ్చాక "నేను కంప్యూటర్ అడగకుండా ఉండాల్సింది నాన్నా" అంది అమ్మాయి.

మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సహోద్యోగి సాయంత్రం ఫోన్‌లో చెప్పాడు, అసలు రేకు తీయనక్కరలేదట. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లలో ర్యామ్ ఉందో అక్కడే రాసి ఉంటుంది. స్టిక్కర్ చించకముందు ఆ తెరను, స్టిక్కర్‌ను కలిపి ఒక్క ఫోటో తీసుకుని ఉంటే నిన్న నేను తలదించుకోవలసిన పని లేదు. అతను చించమన్నాడనడానికి నా ఫోన్‌లో రాత్రి 7:52కు నాలుగు నిమిషాలు మాట్లాడిన గుర్తు తప్ప ఏమీ లేదు. ఎస్ఎంపీఎస్ కూడా అమ్మాయి రాసుకున్న కంపెనీది కాదు. అదీ ఇప్పుడే చూశాం.

కొనబోయేవారు ఇవి మాత్రం చేయండి. ప్రతి భాగం మీది సీరియల్ నంబరు బిగించేముందే ఫోటో తీసుకోండి. పెట్టెకు టేపు వేసేముందు ఆన్ చేయించి చూడండి. భాగాల పేర్లు, నంబర్లు రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌లో చెప్పింది వాట్సాప్‌లో రాసి పంపమని అడగండి.

నేను ఇవాళ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ రుసుము లేదు. చిరిగిన స్టిక్కర్ ముక్కలు మూడూ అమ్మాయి నోటుపుస్తకంలో అంటించి ఉంచింది. ఆ దుకాణంలో ఈమధ్య బిగించుకున్నవారు దయచేసి ఇప్పుడే టాస్క్ మేనేజర్ చూసుకోండి. తేడా కనిపిస్తే రేకు ముట్టుకోకుండా ఫోటో తీసి నాకు చెప్పండి. ఫిర్యాదులో మీ పేరు కూడా కలిపి రాస్తాను.