కుచినాతె బుట్ట: లేసు అల్లే ఇంటి నుంచి ఒక మాట

బుట్ట చేతికి రాగానే బోర్లించి అడుగు చూశాను. అది మా అమ్మ నేర్పిన అలవాటు. నరసాపురం పక్క పల్లెలో మా అమ్మమ్మ, అమ్మ లేసు అల్లే ఇల్లు నడిపారు. పైకి కనిపించే పువ్వును చూసి మురిసిపోకూడదని, అల్లిక మొదలుపెట్టిన చోటు, ముగించిన చోటు చూడాలని అమ్మ అంటుంది. ఈ బుట్ట అడుగున నడిమి చుట్టులో లేసు సూది మొన దూరేంత సందు కూడా లేదు. దారం కొసను ఎక్కడ దాచారో కనిపెట్టడానికి చాలాసేపు వెతకాల్సి వచ్చింది. నా చిన్నతనంలో ఇలాంటి పనితనం చూస్తే మా వీధి ఆడవాళ్లు ‘చెయ్యి తిరిగిన మనిషి’ అనేవారు.

నేను ఇజ్రాయెల్‌లో, టెల్ అవీవ్ దగ్గర ఒక పెద్దావిడ ఇంట్లో ఉండి, ఆమెను చూసుకునే పని చేస్తున్నాను. గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి ఈ పనికి వచ్చినవాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. సెలవుపై ఇంటికి వెళ్లేటప్పుడు చాక్లెట్లు, సబ్బులు తప్ప పట్టుకెళ్లడానికి ఏమీ దొరకవని బాధపడేవాళ్లు ఒకసారి దక్షిణ టెల్ అవీవ్‌లోని కుచినాతె అనే అల్లిక సంస్థకు వెళ్లి చూడాలని నా కోరిక. ఈ నాలుగు మాటలు ముఖ్యంగా వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఆఫ్రికాలోని ఎరిత్రియాలో మాట్లాడే తిగ్రిన్యా భాషలో కుచినాతె అంటే క్రోషే అల్లిక. ఆఫ్రికా నుంచి శరణు కోరి వచ్చిన స్త్రీలు కలిసి నడుపుకునే సంస్థ ఇది. వీళ్లలో ఎరిత్రియావాళ్లే ఎక్కువ. 2011లో దీన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు దిదీ మైమిన్ కాన్ అనే మనస్తత్వ నిపుణురాలు. రెండోవారు సిస్టర్ అజెజెత్ కిదానె. ఇక్కడ అందరూ ఆమెను సిస్టర్ అజీజా అంటారు. ఎరిత్రియాలో పుట్టిన ఆమె కొంబోనీ అనే కాథలిక్ సన్యాసినుల సభకు చెందిన సిస్టర్. 1872లో ఇటలీలోని వెరోనాలో, ఆఫ్రికాలో సేవ చేయడానికే ఏర్పడిన సభ అది.

సిస్టర్ అజీజా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆమె నర్సు. మానవ హక్కుల కోసం పనిచేసే ఇజ్రాయెల్ వైద్యుల సంస్థ ఒకటి టెల్ అవీవ్‌ను ఆనుకునే ఉన్న యాఫాలో ఉచిత వైద్యశాల నడుపుతుంది. ఆమె అక్కడ సేవ చేసేవారు. ఈజిప్టులోని సినాయి ఎడారి దాటి వచ్చినవాళ్లు ఒంటి మీద కాలిన మచ్చలతో, గొలుసుల ఒరిపిడి గుర్తులతో అక్కడికి వచ్చేవారు. ఎడారిలో మనుషులను ఎత్తుకెళ్లే ముఠాలు వాళ్లను బంధించి, ఊళ్లో ఉన్న అమ్మకో అన్నకో ఫోను కలిపి, ఏడుపు వినిపించి డబ్బు గుంజేవి. ఆడవాళ్లను చెరిచేవారు. డబ్బు అందకపోతే చంపేసేవారు. వచ్చినవాళ్లు ఆ సంగతులు చెప్పుకోవడానికి వాళ్ల భాష తెలిసిన మనిషి కావాలి, ఎంతసేపైనా పక్కన కూర్చునే ఓపిక కూడా ఉండాలి. సిస్టర్ అజీజాకు రెండూ ఉన్నాయి. ఆమె వేయిమందికి పైగా మనుషుల మాటలు విన్నారు. ఊరుకోబెట్టి పంపేయకుండా, విన్నదంతా నమోదు చేశారు. సినాయి చిత్రహింసల శిబిరాల గురించి ప్రపంచానికి తెలియడంలో ఆ నమోదులకు పెద్ద పాత్ర ఉంది. మనుషుల అక్రమ రవాణాపై పోరాడినందుకు 2012లో అమెరికా విదేశాంగ శాఖ ఆమెను సత్కరించింది.

విన్నవాళ్లు అంతటితో పని అయిపోయిందనుకోవచ్చు. కానీ ఆ ఆడవాళ్లకు మర్నాడు బియ్యం కావాలి, ఇంటి అద్దె కట్టాలి, పిల్లలకు పాలు కొనాలి. వైద్యశాల గదిలో విన్న బాధ నుంచే ఈ అల్లిక పుట్టింది. చేతులు కదులుతుంటే మనసు కాస్త కుదుటపడుతుంది, అల్లినదానికి కూలి వస్తుంది, పక్కన తనలాంటివాళ్లే నలుగురు ఉంటారు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవి నిలబడవని లేసు అల్లే ఇంట్లో పెరిగిన నాకు అర్థమవుతుంది.

లోపలికి వెళ్తే రంగురంగుల బుట్టలు గోడల పొడవునా పేర్చి ఉంటాయి. అరచేతిలో పట్టేవి మొదలుకొని, ఉతికే బట్టలు వేసుకునేంత పెద్దవి కూడా ఉన్నాయి. కూర్చోవడానికి గుండ్రటి మెత్తలూ అల్లుతారు. దారం మన లేసు దారంలా సన్నగా ఉండదు. బనియను గుడ్డను చీల్చినట్టు మందంగా, మెత్తగా ఉంటుంది. సూదీ లావుగా ఉంటుంది. పసుపు పక్కన ముదురు నీలం, దాని మీద ఇటుక రంగు వేసి మూలలూ మెట్లూ తేల్చారు. ఆ నమూనాలను చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

వెళ్తే కాఫీ తాగకుండా రావద్దు. ముందుగా అడిగి ఏర్పాటు చేసుకోవాలి. పచ్చి గింజలను మన కళ్ల ముందే మూకుడులో వేయించి, ఆ పొగ వాసన చూడమని ఒక్కొక్కరి దగ్గరికీ తెస్తారు. జెబెనా అనే మట్టి కూజాలో మరిగించి, పిడి లేని చిన్న గిన్నెల్లో మూడు విడతలు పోస్తారు. పక్కన సాంబ్రాణి పొగ, పళ్లెంలో పేలాలు. మూడో విడతను బెరెకా అంటారు, అంటే ఆశీర్వాదమట. ముగించకుండా లేవడం మర్యాద కాదని చెప్పారు. లేవాలని నాకూ అనిపించలేదు.

నా పక్కన కూర్చున్న ఆమెకు ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది వచ్చీరాని హీబ్రూ. నేనూ అల్లుతానని చెప్పగానే తన సూది, దారం నా చేతిలో పెట్టింది. సన్న దారానికి అలవాటుపడిన వేళ్లు కదా, బిగించి లాగాను. ఆమె మాట్లాడకుండా నా వరస విప్పి, నా చూపుడు వేలి మీది దారాన్ని కాస్త వదులు చేసి, మళ్లీ మొదలుపెట్టించింది. మా అమ్మ కూడా నాకు అలాగే నేర్పింది, వేలు పట్టుకుని, మాట లేకుండా. ఆమె ఎలా వచ్చిందో, దారిలో ఏం జరిగిందో నేను అడగలేదు. వెళ్లేవాళ్లు దయచేసి అడగకండి. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు.

ధర తక్కువేమీ కాదు. మధ్యరకం బుట్టకు దాదాపు నా ఒక రోజు జీతం అయింది. బజారులో ప్లాస్టిక్ బుట్ట ఇందులో పదో వంతుకు దొరుకుతుంది. అయినా బేరం ఆడలేదు. మా ఊళ్లో ఏజెంటు దారం ఇచ్చి, అల్లినది తూచుకుని, తన లెక్క ప్రకారం కూలి ఇచ్చేవాడు. మా అమ్మ అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో, వాళ్లు దానికి ఎంత పెట్టి కొన్నారో ఆమెకు ఈనాటికీ తెలియదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాం. అమ్మ కళ్లు అప్పటికే మసకబారాయి. ఇక్కడ అల్లే మనిషి, కొనే మనిషి ఒకే గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను డబ్బు పెట్టింది దీనికే.

పైగా ఈ ఆడవాళ్లది మన పరిస్థితి కూడా కాదు. నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికి నాకు మూడేళ్లు పట్టింది, కానీ నా చేతిలో పని వీసా ఉంది. వాళ్లవి మాటిమాటికీ పొడిగించుకోవాల్సిన తాత్కాలిక కాగితాలు. శరణార్థి హోదా దొరికింది అతి కొద్దిమందికే. 2017లో వచ్చిన చట్టంతో శరణు కోరినవాళ్ల జీతంలో 20 శాతం పట్టి ఉంచేవారు. 2020లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది నడిచింది. జీతంలో అయిదో వంతు పోతే ఇంట్లో ఏమవుతుందో మనలాంటివాళ్లకు వేరే చెప్పాలా?

వాడకం గురించి రెండు మాటలు. చల్లనీళ్లలో చేత్తో ఉతకండి, పిండకండి. దారం మందం కాబట్టి పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది. లోపల ఒక గిన్నె బోర్లించి ఆరబెడితే ఆకారం చెడదు. ఏడాదిగా మా పెద్దావిడ మందుల సీసాలన్నీ ఒక బుట్టలోనే ఉంటున్నాయి, అంచు ఇంకా నిటారుగానే ఉంది. వెళ్లేముందు ఫోను చేసి వేళలు కనుక్కోండి.

రెండో బుట్టను ఊరికి వెళ్తున్న ఒక చెల్లెలి చేత అమ్మకు పంపాను. ఫోనులో చూస్తుండగా అమ్మ దాన్ని బోర్లించింది, అడుగంతా వేలితో తడిమింది. ‘ఎవరే ఈ పిల్ల?’ అంది. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. కాఫీ పళ్లెం కింద పరవమని అమ్మ తన చేతి లేసు గుడ్డ ఒకటి పంపింది. అది ఆ పిల్లకే ఇవ్వాలి.