సొంత డొమైన్‌తో మైక్రోసాఫ్ట్ 365: ఒంగోలు గ్రానైట్ ఆఫీసు అనుభవం

మాది గ్రానైట్ వ్యాపారం. ఫ్యాక్టరీ చీమకుర్తిలో, ఆఫీసు ఒంగోలు కర్నూలు రోడ్డులో. కంప్యూటర్లు, మెయిళ్ళు, లెక్కల సాఫ్ట్‌వేర్ అన్నీ నా నెత్తినే. మెయిల్, ఫైళ్ళు, మీటింగులు కలిపి చందా మీద ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 తీసుకుని చాలా ఏళ్ళయింది. మెయిల్ బాగుంది, చాట్, మీటింగులకు వాడే టీమ్స్ ఫర్వాలేదు, వాటి గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. నేను చెప్పేది డొమైన్ పేర్ల సంగతి, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు. దీంట్లో సుఖమైనా తలనొప్పైనా అక్కడే తేలిపోతుంది.

ముందు స్పెల్లింగ్. మా కంపెనీ పేరులో శ్రీ ఉంది, లక్ష్మి ఉంది. ఇంగ్లీషులో శ్రీని మూడు రకాలుగా రాస్తారు, లక్ష్మిని కనీసం రెండు రకాలుగా. ఫోన్లో అడ్రస్ చెబితే చెన్నైలో షిప్పింగ్ ఏజెంటు ఒకలా రాసుకుంటాడు, జైపూర్ పార్టీ ఇంకోలా. అందుకే బోర్డు మీదున్న స్పెల్లింగుతో ఒక డొమైన్, జనం ఎక్కువగా రాసే స్పెల్లింగుతో మరొకటి కొనిపించాను. రెండోదాన్నీ అదే అకౌంటులో చేర్చి, ఆ అడ్రసును అందరికీ ఏలియాస్‌గా (అదే ఇన్‌బాక్సుకు రెండో అడ్రసుగా) పెట్టాం. అదనపు లైసెన్సు అక్కర్లేదు, ఏటా డొమైన్ డబ్బులే. ఎలా రాసినా మెయిల్ ఒకే ఇన్‌బాక్సుకు వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

దీనికి ఇంకో లాభం ఉంది. ఒక్క అక్షరం మార్చిన డొమైన్ కొని, "మా బ్యాంకు అకౌంటు మారింది, అడ్వాన్సు ఇక్కడికి పంపండి" అని విదేశీ పార్టీలకు మెయిల్ కొట్టే మోసాలు ఎగుమతుల్లో కొత్తేం కాదు. డీమార్క్ (మన పేరుతో వచ్చే నకిలీ మెయిళ్ళను ఏం చేయాలో చెప్పే సెట్టింగు) పెడితే మన డొమైన్ పేరు దొంగతనంగా వాడేవాళ్ళను ఆపొచ్చు గానీ, దాన్ని పోలిన డొమైన్‌ను ఆపలేం. దగ్గరి స్పెల్లింగులు మన దగ్గరుంటే కొంత నిశ్చింత.

అకౌంటు తెరిచేటప్పుడు మైక్రోసాఫ్ట్ అడిగే ఆన్‌మైక్రోసాఫ్ట్.కామ్ పేరును (onmicrosoft.com ముందు వచ్చేది) ఎవరూ పట్టించుకోరు. సొంత డొమైన్ వచ్చాక అదెవరికి కనబడుతుందిలే అనుకుంటారు. కనబడుతుంది. మామూలుగా షేర్‌పాయింట్ (ఫైళ్ళు దాచి పంచుకునే చోటు) అడ్రస్ ఆ పేరు మీదే తయారవుతుంది, దానికి సొంత డొమైన్ తగిలించే వీల్లేదు. స్లాబుల ఫోటోలు పార్టీలకు లింకుగా పంపితే అందులో ఆ పేరే ఉంటుంది. తర్వాత షేర్‌పాయింట్ పేరు మార్చుకునే దారి ఉంది గానీ, మొదటి ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరును మాత్రం తీసేయలేం. ఆ అడ్రసుతోనే బయటికి మెయిళ్ళు పంపుకుందామన్నా కుదరదు: సంస్థ మొత్తానికీ రోజుకు 100 మంది బయటివాళ్ళకు మించి పోకుండా పరిమితి పెట్టడం 2025లో మొదలైంది.

మా వైపు వ్యాపారాలన్నీ అన్నదమ్ములవో, బావ బావమరుదులవో. ఇవాళ కలిసి ఉంటారు, రేపు క్వారీ ఒకరికి, ఫ్యాక్టరీ ఒకరికి. ఒక డొమైన్ ఒక సమయంలో ఒక్క మైక్రోసాఫ్ట్ అకౌంటులోనే ఉండగలదు. విడిపోయేటప్పుడు దాన్ని అవతలి అకౌంటుకు మార్చాలంటే, ముందు ఇక్కడ ప్రతి యూజరు నుంచీ, ప్రతి గ్రూపు నుంచీ తీసేయాలి. ఈలోపు ఆర్డర్ల మెయిళ్ళ గతేమిటి? అందుకే జీఎస్టీ నంబరు వేరుగా ఉన్న ప్రతి సంస్థకూ మొదటి రోజు నుంచే వేరే డొమైన్ పెట్టించాను. ఒకే అకౌంటులో చాలా డొమైన్లు చేర్చుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. ఓనరుకు ఇది దండగ ఖర్చనిపించింది. క్వారీ వాటా పంపకమైన ఏడాది ఆ మాట మళ్ళీ అనలేదు.

డీఎన్ఎస్ (డొమైన్‌కు సంబంధించిన మెయిల్, వెబ్‌సైట్ ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) పని కష్టమేం కాదు. ఓనర్లమని రుజువుకు ఒక టీఎక్స్‌టీ రికార్డు, మెయిల్ రావడానికి ఎంఎక్స్, పంపినవి స్పామ్‌లో పడకుండా ఎస్పీఎఫ్ (మన పేరుతో ఎవరు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం). కష్టమంతా ఆ రికార్డులు మార్చే తాళం (డొమైన్ లాగిన్) ఎవరి దగ్గరుందన్నదే. మా పాత డొమైన్ వెబ్‌సైట్ చేసినాయన తన పేరు మీదే కొన్నాడు. ఆయన శబరిమల వెళ్ళొచ్చేదాకా ఒక్క రికార్డు కూడా మార్చలేకపోయాం. తర్వాత వెబ్‌సైట్ ఫారం కోసం ఇంకెవరో రెండో ఎస్పీఎఫ్ రికార్డు పెట్టారు. ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. రెండుంటే పరీక్ష ఫెయిల్. కొటేషన్లు స్పామ్‌లోకి పోతున్నాయని ఒక పార్టీ ఫోన్ చేసి చెబితేగానీ తెలియలేదు. రెండిట్నీ కలిపి ఒకే రికార్డుగా రాస్తే సరిపోయింది.

నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి షేర్‌పాయింట్ పేరు దగ్గర కోశాను. ఇద్దరు ముగ్గురుండి మెయిల్ ఒక్కటే కావాల్సిన కొట్టుకు మాత్రం ఇది ఎక్కువ ఖర్చే, హోస్టింగ్‌తో పాటు వచ్చే మెయిల్ చాలు.